సౌర జ్వాలల వేళ సూర్యుడి అయస్కాంత క్షేత్రం: తరచుగా అడిగే ప్రశ్నలు

జ్వాల రేగినప్పుడు సూర్యుడి అయస్కాంత క్షేత్రంలో మారేదేమిటి?

సౌర జ్వాల అంటే సూర్యుడి మీద ఒక్కసారిగా రేగే శక్తి విస్ఫోటం. అప్పుడు రెండు చోట్ల రెండు రకాల మార్పులు జరుగుతాయి. పైన, సూర్యుడి బయటి వాతావరణమైన కరోనాలో, మెలికలు పడి బిగుసుకుపోయిన క్షేత్రం సడలి, అందులో నిల్వ ఉన్న శక్తిలో కొంత వేడిగా, వెలుతురుగా, వేగంగా దూసుకుపోయే కణాలుగా బయటపడుతుంది. కింద, మనకు కనిపించే ఉపరితలమైన ఫొటోస్ఫియర్ మీద, జ్వాలకు కేంద్రమైన చోట బలరేఖలు అడ్డంగా ఒరుగుతాయి, అక్కడి క్షేత్రం బలపడుతుంది. ఈ రెండో మార్పు నిమిషాల్లో జరిగిపోతుంది. జ్వాల చల్లారాక కూడా పాత స్థితికి రాదు.

ఈ పేజీలో ఎక్కువగా ఒకే ఉదాహరణ తీసుకున్నాం: 2011 ఫిబ్రవరి 15న 11158 నంబరు క్రియాశీల ప్రాంతంలో, అంటే ఒక మచ్చల గుంపులో, వచ్చిన ఎక్స్2.2 జ్వాల. అంతర్జాతీయ కాలమానం ప్రకారం 01:44కి మొదలై 01:56కి శిఖరానికి చేరింది, అంటే మన గడియారంలో ఉదయం 7:14, 7:26. 24వ సౌరచక్రంలో (మచ్చలు పెరిగి తగ్గే సుమారు 11 ఏళ్ల కాలం) ఇదే మొదటి ఎక్స్ తరగతి జ్వాల. మచ్చల గుంపు సూర్యబింబం మధ్యకు దగ్గరగా ఉంది. ఏడాది ముందే నాసా ప్రయోగించిన ఎస్‌డీఓ ఉపగ్రహం అప్పటికే పనిలో ఉంది. కొలతలకు ఇంత అనుకూలంగా అన్నీ కుదిరిన జ్వాలలు తక్కువ.

ఎక్స్2.2 అంటే ఎంత?

అమెరికా వాతావరణ ఉపగ్రహాలైన గోస్ 0.1 నుంచి 0.8 నానోమీటర్ల ఎక్స్-రే కాంతిని కొలుస్తాయి. భూమి దగ్గర ఆ కాంతి చదరపు మీటరుకు 10⁻⁴ వాట్లకు చేరితే అది ఎక్స్1. ఎక్స్2.2 దానికి 2.2 రెట్లు. కింది తరగతులు వరసగా ఎం, సి, బి, ఎ. ఒక్కో మెట్టుకు పది రెట్ల తేడా. ఈ లెక్క ఎక్స్-రే వెలుగుకు సంబంధించినది మాత్రమే. అయస్కాంత మార్పు ఎంతన్నది దీన్నిబట్టి నేరుగా చెప్పలేం.

సూర్యుడి మీద క్షేత్రం ఎంత బలంగా ఉంటుంది?

క్షేత్రం బలాన్ని గాస్‌లలో కొలుస్తారు. భూమి ఉపరితలం మీద 0.25 నుంచి 0.65 గాస్. సూర్యుడి మీద మచ్చలు లేని ప్రశాంత ప్రాంతాల్లో, పెద్ద వైశాల్యం మీద సగటు తీస్తే, కొద్ది గాస్‌లే వస్తుంది. మచ్చ మధ్యలోని నల్లటి భాగంలో 2000 నుంచి 4000 గాస్ దాకా ఉంటుంది. 2017 సెప్టెంబరులో ఎక్స్9.3 జ్వాల రేగిన 12673 ప్రాంతంలో, రెండు ధ్రువతల మధ్య తటస్థ రేఖ మీద, 5500 గాస్ దాటిన అడ్డక్షేత్రం (ఉపరితలానికి సమాంతరంగా ఉన్న క్షేత్రం) నమోదైంది. ఉపరితలం మీద ఇది చాలా అరుదు.

తటస్థ రేఖ అన్న మాట మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి ఇక్కడే చెప్పుకుందాం. బలరేఖలు పైకి వచ్చే చోటు ధన ధ్రువత, లోపలికి దిగే చోటు రుణ ధ్రువత. ఆ రెండింటి సరిహద్దే తటస్థ రేఖ. పెద్ద జ్వాలలు దాదాపు అన్నీ దీని మీదే రేగుతాయి.

15 కోట్ల కిలోమీటర్ల నుంచి దీన్ని ఎలా కొలుస్తారు?

జీమన్ ప్రభావంతో. అయస్కాంత క్షేత్రంలో ఉన్న పరమాణువు విడుదల చేసే లేదా పీల్చుకునే వర్ణపట రేఖ చీలిపోతుంది. చీలిన ముక్కలకు వేర్వేరు ధ్రువణాలు, అంటే కాంతి తరంగం కంపించే తీరులు, ఉంటాయి. సూర్య మచ్చల్లో అయస్కాంత క్షేత్రం ఉందని 1908లో మౌంట్ విల్సన్ అబ్జర్వేటరీలో జార్జ్ ఎల్లరీ హేల్ కనుక్కున్నది ఈ దారిలోనే.

ఎస్‌డీఓలోని హెచ్ఎంఐ పరికరం 617.3 నానోమీటర్ల ఇనుము రేఖను చూస్తుంది. 1000 గాస్ క్షేత్రంలో ఆ రేఖలోని ముక్క దాని అసలు చోటి నుంచి సుమారు 4.5 పికోమీటర్లు జరుగుతుంది. హెచ్ఎంఐ వడపోత వెడల్పే 7.6 పికోమీటర్లు. అంటే చీలికను కంటితో చూసినట్టు చూడలేం. అందుకే రేఖ మీద ఆరు చోట్ల, వేర్వేరు ధ్రువణాల్లో కాంతిని కొలిచి, దాన్నుంచి క్షేత్రాన్ని లెక్కగడతారు. వృత్తాకార ధ్రువణం మనవైపు ఉన్న అంశాన్ని, అంటే దృష్టిరేఖ క్షేత్రాన్ని ఇస్తుంది. రేఖీయ ధ్రువణం దానికి అడ్డంగా ఉన్న అంశాన్ని ఇస్తుంది.

ఈ రెండింటి నాణ్యత ఒకటి కాదు. దృష్టిరేఖ అంశంలో దోషం సుమారు 10 గాస్ అయితే, అడ్డు అంశంలో 100 గాస్ ఉంటుంది. పైగా అడ్డు అంశం ఏ గీత వెంట ఉందో తెలుస్తుంది కానీ, ఆ గీత మీద అటువైపా ఇటువైపా అన్నది ధ్రువణం చెప్పదు. దీన్నే 180 డిగ్రీల సందిగ్ధత అంటారు. చుట్టుపక్కల పిక్సెళ్లతో పొసిగే దిశను కంప్యూటర్ ఎంచుకుంటుంది. బలమైన క్షేత్రంలో ఆ ఎంపికను నమ్మవచ్చు. బలహీనమైన చోట అది తప్పే అవకాశం ఎక్కువ.

జ్వాలకు కావలసిన శక్తి ఎక్కడ ఉంటుంది?

కరోనాలోని క్షేత్రం మెలికల్లో. ఉపరితలం మీద ధ్రువతలు ఎలా పరుచుకుని ఉన్నా, వాటి మీద విద్యుత్ ప్రవాహమే లేని ఒక అతి తక్కువ శక్తి అమరిక ఉంటుంది. అసలు క్షేత్రంలో దానికి మించి ఎంత శక్తి ఉందో అదే స్వేచ్ఛా శక్తి. జ్వాల వాడుకోగలిగింది అదొక్కటే. మచ్చలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కదిలినప్పుడు, కొత్త క్షేత్రం మెలికతోనే అడుగు నుంచి పైకి తేలినప్పుడు, ఈ నిల్వ పెరుగుతుంది.

11158లో రుణ, ధన ధ్రువతలు పక్కపక్కనే ఉండి తటస్థ రేఖ వెంట వ్యతిరేక దిశల్లో జారుతూ పోయాయి. కొలతల నుంచి గణించిన నమూనా ప్రకారం స్వేచ్ఛా శక్తి గరిష్ఠంగా సుమారు 2.6×10³² ఎర్గులకు (ఎర్గు శక్తికి ఒక ప్రమాణం) చేరింది. అందులో దాదాపు సగం 6000 కిలోమీటర్ల ఎత్తు లోపే ఉంది. జ్వాల తర్వాత గంటలోపు తగ్గినది సుమారు 0.3×10³² ఎర్గులు, అంటే నిల్వలో ఎనిమిదో వంతు. ఎక్స్ తరగతి జ్వాల కూడా గోదాము మొత్తం ఖాళీ చేయదు. ఒకే ప్రాంతం రోజుల తరబడి వరసగా జ్వాలలు ఎలా ఇవ్వగలదన్న ప్రశ్నకు జవాబులో పెద్ద భాగం ఇదే.

ఈ అంకెలను కొలతలుగా కాక గణనలుగానే చూడాలి. ఆ నమూనా క్షేత్రం మీద వేరే బలాలు పనిచేయవని అనుకుంటుంది. కరోనాలో అది చెల్లుతుంది. ఫొటోస్ఫియర్‌లో వాయు పీడనం గట్టిది కాబట్టి పూర్తిగా చెల్లదు.

రోజుల పాటు నిల్వైన శక్తి నిమిషాల్లో ఎలా బయటపడుతుంది?

రీకనెక్షన్ ద్వారా. వ్యతిరేక దిశల్లో ఉన్న బలరేఖలు ఒక పలుచని విద్యుత్ పొర దగ్గర ఎదురుపడి, తెగి, కొత్త జోడీలుగా అతుక్కుంటాయి. జ్వాలలకూ క్షేత్రం సున్నా అయ్యే బిందువులకూ సంబంధం ఉందని 1940లలోనే రొనాల్డ్ జియోవానెల్లి సూచించాడు. 1950లలో స్వీట్, పార్కర్ దీనికి లెక్క కట్టారు కానీ ఆ లెక్కలో రీకనెక్షన్ మరీ నెమ్మది: కరోనాలాంటి అతి మంచి విద్యుత్ వాహకంలో నిమిషాల్లో జరగాల్సింది నెలలు పడుతుంది. 1964లో పెట్‌షెక్ వేగవంతమైన అమరికను ప్రతిపాదించాడు. పొడవాటి పలుచని పొర తనంతట తానే ముక్కలై, చిన్న చిన్న అయస్కాంత ద్వీపాలుగా విడిపోతే వేగం పెరుగుతుందని తర్వాతి గణనలు చూపాయి.

రీకనెక్షన్ జరిగిన చోటికి పైనున్న భాగం పైకి ఎగదన్నుకుంటుంది. కింది భాగం పొట్టి ఉచ్చులుగా, అంటే విల్లులా వంగిన బలరేఖలుగా, మారి కిందికి ముడుచుకుంటుంది. జపాన్ ఉపగ్రహం యోకో 1992 జనవరి 13న ఒక జ్వాలలో ఉచ్చు తలకు పైన కఠిన (అధిక శక్తి) ఎక్స్-రే మూలాన్ని పట్టుకుంది. శక్తి విడుదల ఉచ్చుకు పైనే జరుగుతోందనడానికి అది గట్టి ఆధారం.

శక్తి ఖర్చయిందంటున్నారు. మరి ఉపరితలం మీద క్షేత్రం తగ్గకుండా పెరగడమేమిటి?

ఎక్కువమందిని తికమకపెట్టే ప్రశ్న ఇదే, ఈ విషయంలో అన్నిటికన్నా ఆసక్తికరమైనదీ ఇదే. 11158లో తటస్థ రేఖ దగ్గర అడ్డక్షేత్రం సగటు 28 శాతం పెరిగింది. పైన శక్తి తగ్గుతుండగా కింద క్షేత్రం బలపడింది.

రెంటికీ వైరుధ్యం లేదు. శక్తి లెక్కను కరోనా మొత్తం పరిమాణం మీద వేస్తారు. మనం చూస్తున్న పెరుగుదల ఆ పరిమాణానికి అడుగున, కొద్ది చోట మాత్రమే. కరోనాలో శక్తి తగ్గితే దాన్ని మోస్తున్న అయస్కాంత పీడనమూ తగ్గుతుంది. చుట్టూ ఉన్న క్షేత్రం ఆ ఖాళీలోకి ముడుచుకుంటుంది. హ్యూ హడ్సన్ 2000లో ప్రతిపాదించిన ఆలోచన ఇది. ముడుచుకునే ఉచ్చులు కిందికి వంగుతాయి కాబట్టి వాటి పాదాల దగ్గర బలరేఖలు మునుపటి కన్నా ఎక్కువ పడుకుంటాయి. తటస్థ రేఖను దాటుతూ కొత్తగా అతుక్కున్న పొట్టి ఉచ్చులు ఉపరితలానికి దగ్గరగా చేరి, అక్కడి అడ్డక్షేత్రాన్ని ఇంకా పెంచుతాయి.

ద్రవ్యవేగం వైపు నుంచీ చూడవచ్చు. ద్రవ్యరాశి పైకి విసిరివేయబడితే కిందికి ఎదురు తోపు ఉండాలి. నిలువు క్షేత్రం వర్గంలో వచ్చిన మార్పులోంచి అడ్డక్షేత్రం వర్గంలో వచ్చిన మార్పును తీసేసి, వైశాల్యం మీద కూడి, 8πతో భాగిస్తే, సీజీఎస్ ప్రమాణాల్లో ఉపరితలం మీద పడిన నిలువు బలంలో మార్పు వస్తుంది. అడ్డక్షేత్రం పెరిగితే ఫలితం రుణ సంఖ్య, అంటే కిందికి తోపు. కొన్ని జ్వాలల తర్వాత సూర్యుడి ఉపరితలం మీద అలలు వలయాలుగా పరుచుకుంటాయి. 1996 జూలై 9 జ్వాలలో మొదటిసారి పట్టుబడిన ఈ సూర్యకంపాలకు కారణాల్లో ఈ తోపు ఒకటని ఒక వాదన. వేగంగా దిగివచ్చే కణాల తాకిడి మరో వాదన.

మచ్చ రూపంలో తేడా కనిపిస్తుందా?

కనిపిస్తుంది. తటస్థ రేఖకు ఆనుకుని ఉన్న భాగం నల్లబడుతుంది, బయటి అంచున ఉన్న నీడలాంటి పెనంబ్రా కొంత కరిగిపోతుంది. మధ్యలో క్షేత్రం పడుకుంటే అంచుల్లో మరింత నిలువవుతుంది. రెండూ ఒకే మార్పుకు రెండు కొసలు.

ఈ మార్పు ఎంత వేగంగా, ఎంత మేరకు జరుగుతుంది?

2005లో సడోల్, హార్వీ 15 ఎక్స్ తరగతి జ్వాలలను సూర్యుడిని ఎడతెగకుండా చూసే గాంగ్ టెలిస్కోపుల నిమిషానికొక కొలతతో పరిశీలించారు. ప్రతి జ్వాలలోనూ దృష్టిరేఖ క్షేత్రంలో మెట్టులాంటి శాశ్వత మార్పు దొరికింది. మధ్యస్థ విలువ 90 గాస్, చాలా చోట్ల పది నిమిషాల లోపే. ఆ తర్వాత 77 జ్వాలల మీద జరిగిన పరిశీలనలోనూ అదే తీరు కనిపించింది. గాంగ్‌కు ప్రపంచంలో ఆరు కేంద్రాలున్నాయి. వాటిలో ఒకటి మన ఉదయపూర్ సౌర అబ్జర్వేటరీలో ఉంది. భారత్‌లో పగలు రేగిన జ్వాలల రికార్డు చాలావరకు అక్కడిదే.

దృష్టిరేఖ అంశాన్ని మాత్రమే చూసేటప్పుడు ఒక పొరపాటు జరుగుతుంటుంది. బింబం మధ్యలో ఉన్న మచ్చలో బలరేఖ అడ్డంగా ఒరిగితే దృష్టిరేఖ అంశం తగ్గుతుంది. క్షేత్రం నశించిందని అనిపిస్తుంది, నిజానికి అది పక్కకు వాలింది అంతే. అదే మచ్చ బింబం అంచున ఉంటే, అదే ఒరుగుదల కొన్ని పిక్సెళ్లలో పెరుగుదలగా కనిపిస్తుంది. మూడు అంశాలూ చూడకుండా పెరిగింది, తగ్గింది అని తేల్చకూడదు.

మాగ్నెటోగ్రామ్‌లో (అయస్కాంత క్షేత్రం పటంలో) జ్వాల సమయాన ధ్రువత తలకిందులైనట్టు కనిపించింది. నిజమేనా?

చాలావరకు కాదు. జ్వాల పాదాల దగ్గర వాయువు ఒక్కసారి వేడెక్కడంతో, చీకటి గీతలా ఉండాల్సిన ఇనుము రేఖ పూడుకుపోతుంది, ఒక్కోసారి వెలుగు గీతగా తిరగబడుతుంది. పరికరం లెక్క మాత్రం అది ఎప్పటిలాగే చీకటి గీత అనుకుని సాగుతుంది, గుర్తు తారుమారవుతుంది. వెలుగు ఉన్నంతసేపు ఉండి, నిమిషాల్లో మాయమయ్యే ఈ మార్పులను తాత్కాలిక మార్పులంటారు.

మెట్టు మార్పును దీన్నుంచి వేరు చేయడానికి మూడు పరీక్షలు పనికొస్తాయి. జ్వాల ముగిశాక కనీసం ఒక గంట విలువ కొత్త స్థాయిలో నిలిచిందా? అదే పిక్సెల్‌లో కాంతి తీవ్రత అదే నిమిషంలో ఎగసిందా? మార్పు తెల్లటి జ్వాల పట్టీల (జ్వాల పాదాలు వరసగా వెలిగే చోట్ల) మీద పడిందా, వాటి మధ్య తటస్థ రేఖ మీద పడిందా? తీవ్రతతో పాటే ఎగసి, పట్టీ మీదే పడి, ఆపై పాత విలువకు వచ్చేస్తే దాన్ని పక్కన పెట్టేయండి.

కరోనాలో క్షేత్రం తగ్గడాన్ని నేరుగా ఎవరైనా కొలిచారా?

కొలిచారు. 2017 సెప్టెంబరు 10న బింబం అంచున రేగిన ఎక్స్8.2 జ్వాలను కాలిఫోర్నియాలోని ఓవెన్స్ వ్యాలీ సౌర రేడియో టెలిస్కోపుల సమూహం చూసింది. క్షేత్రంలో సుడులు తిరిగే వేగవంతమైన ఎలక్ట్రాన్లు మైక్రోవేవ్ తరంగాలు వెదజల్లుతాయి. ఆ తరంగాల వర్ణపటం ఆకారంలో క్షేత్రం విలువ దాగి ఉంటుంది. గ్రెగరీ ఫ్లైష్‌మన్ బృందం 2020లో ప్రచురించిన ఫలితం ప్రకారం, రీకనెక్షన్ ప్రాంతంలో క్షేత్రం సుమారు రెండు నిమిషాల పాటు సెకనుకు 5 గాస్ చొప్పున పడిపోయింది. ఉపరితలం మీద పెరుగుదల, పైన పతనం: రెండింటికీ ఇప్పుడు కొలతలున్నాయి.

డేటా మేమే తీసి చూడవచ్చా? ఎక్కడ తేడా కొడుతుంది?

చూడవచ్చు, అంతా ఉచితం. స్టాన్‌ఫర్డ్‌లోని జేఎస్ఓసీ డేటా కేంద్రం నుంచి షార్ప్ అనే ఫైళ్లు తీసుకోండి. క్రియాశీల ప్రాంతాన్ని కత్తిరించి, సమతలంగా పరిచి, మూడు అంశాలూ విడివిడిగా ఇస్తారు. పైథాన్‌లో సన్‌పై, డీఆర్ఎంఎస్ ప్యాకేజీలు చాలు. డౌన్‌లోడ్‌కు ముందు మీ ఈమెయిల్ నమోదు చేయాలి. 11158కి షార్ప్ వరసలో నంబరు 377. మచ్చ నంబరుతో వెతికితే దొరకడం లేదని చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

జ్వాలకు మూడు గంటల ముందు నుంచి మూడు గంటల తర్వాత వరకు, 12 నిమిషాలకొకటి చొప్పున ఫైళ్లు తీసుకోండి. నిలువు అంశం గుర్తు మారే చోట తటస్థ రేఖ గీయండి. దాని చుట్టూ చిన్న పెట్టె కట్టి, అందులో అడ్డక్షేత్రం 200 గాస్ దాటిన పిక్సెళ్లనే ఉంచుకుని సగటు తీయండి. ఆ సగటును కాలంతో గీస్తే 11158లో మెట్టు కంటికే కనిపిస్తుంది. విలువ కావాలంటే ఒక వాలు గీతకు ఆర్క్‌టాన్ ఫలనాన్ని కలిపి అమర్చండి: మెట్టు ఎత్తు, సమయం, పట్టిన వ్యవధి మూడూ విడిగా వస్తాయి.

తేడా కొట్టేవి ఇవి. దక్షిణం వైపు అంశం ఫైలులో ధనంగా ఉంటుంది; ఉత్తరం వైపు కావాలంటే గుర్తు మార్చాలి, లేకపోతే బాణాల పటం తలకిందులవుతుంది. ఫైలు మీది సమయం పరమాణు కాలమానంలో ఉంటుంది, 2011లో అది అంతర్జాతీయ సమయం కన్నా 34 సెకన్లు ముందుంది. 12 నిమిషాల డేటాకు ఇది పెద్ద లెక్క కాదు, 45 సెకన్ల దృష్టిరేఖ డేటాకు మాత్రం లెక్కే. 12 నిమిషాల సగటులో మూడు నిమిషాల మెట్టు కూడా వాలుగా పరుచుకుంటుంది. కొన్ని జ్వాలలకు 135 సెకన్ల వెక్టర్ డేటా ఉంది, దొరికితే అది వాడండి.

అన్నిటికన్నా మోసం చేసేది ఉపగ్రహం కదలిక. ఎస్‌డీఓ భూమి చుట్టూ 24 గంటలకోసారి తిరుగుతూ సూర్యుడి వైపు, అటు నుంచి ఇటు, సెకనుకు 3 కిలోమీటర్ల దాకా వేగంతో కదులుతుంది. ఆ వేగానికి రేఖ 6 పికోమీటర్లు జరుగుతుంది, అంటే 1000 గాస్ కలిగించే జరుగుబాటు కన్నా ఎక్కువ. దాన్ని సవరించినా, బలమైన క్షేత్రాల్లో 12, 24 గంటల నకిలీ ఊగిసలాట మిగులుతుంది. అందుకే ఆ మొదటి వాలు గీత అవసరం. ఇంకో మాట: విషువత్తుల చుట్టూ కొన్ని వారాలు భూమి అడ్డొచ్చి రోజూ కొంతసేపు డేటా ఉండదు. బింబం మధ్య నుంచి 45 డిగ్రీలు దాటిన మచ్చలతో మొదలుపెట్టకండి.

జ్వాల వచ్చిన ప్రతిసారీ కరోనా ద్రవ్యం బయటకు ఎగసిపడుతుందా?

లేదు. 2014 అక్టోబరులో 12192 అనే అతి పెద్ద మచ్చల గుంపు ఆరు ఎక్స్ తరగతి జ్వాలలు ఇచ్చింది, ఒక్కదానితోనూ ద్రవ్యం బయటకు పోలేదు. మెలికలు పడ్డ లోపలి క్షేత్రం మీద బలమైన ఉచ్చుల పందిరి ఉండి అణచిపెట్టింది. ఎత్తుకు పోయేకొద్దీ ఆ పై క్షేత్రం ఎంత వేగంగా బలహీనపడుతుందన్నదే తప్పించుకోవడాన్ని నిర్ణయిస్తుంది.

జ్వాలల వల్లే సూర్యుడి ఉత్తర, దక్షిణ ధ్రువాలు మారతాయా?

కాదు. ఆ మార్పు సుమారు 11 ఏళ్లకోసారి, మచ్చల నుంచి విడివడిన క్షేత్రం నెలల తరబడి ధ్రువాల వైపు కొట్టుకుపోవడం వల్ల జరుగుతుంది.

ఆదిత్య-ఎల్1 ఈ మార్పులను కొలుస్తుందా?

ఉపరితల క్షేత్రాన్ని కొలవదు. హెచ్ఎంఐలాంటి మాగ్నెటోగ్రామ్ పరికరం అందులో లేదు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లి, 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో కక్ష్యలో చేరిన ఈ నౌక చేసేది వేరే పని. సూట్ టెలిస్కోపు అతినీల లోహిత కాంతిలో జ్వాల పాదాలను చూస్తుంది. 2024 ఫిబ్రవరి 22 నాటి ఎక్స్6.3 జ్వాలను అలాగే పట్టింది. సోలెక్స్, హెలియోస్ పరికరాలు ఎక్స్-రేలను చూస్తాయి. ఆరు మీటర్ల చేతికి అమర్చిన మాగ్నెటోమీటర్ నౌకను తాకుతూ పోయే సౌరపవనంలోని క్షేత్రాన్ని, నానోటెస్లాల్లో, అక్కడికక్కడ కొలుస్తుంది. సూర్యుడి మీద మచ్చలో ఏం జరిగిందో ఆ అంకె చెప్పదు. వార్తల్లో ఈ రెండూ తరచూ కలిసిపోతుంటాయి.

ఇవన్నీ మనకు ఎలా తగులుతాయి?

జ్వాల ఎక్స్-రేలు ఎనిమిది నిమిషాల్లో చేరి, పగలు ఉన్న వైపు అయనావరణం కింది పొరను బలపరుస్తాయి. షార్ట్‌వేవ్ రేడియో కొంతసేపు మూగబోతుంది. ద్రవ్యం కూడా ఎగసిపడితే అది రావడానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. అందులోని క్షేత్రం దక్షిణం వైపు తిరిగి ఉంటేనే పెద్ద అయస్కాంత తుపాను. 1989 మార్చి 13న క్యూబెక్‌లో కరెంటు పోయినది అలాంటి తుపానులోనే. 2024 మే 10, 11 తేదీల్లో 13664 ప్రాంతం నుంచి వరసగా వచ్చిన విస్ఫోటాల తర్వాత లద్దాఖ్‌లోని హాన్లేలో ఎర్రటి ధ్రువకాంతి కనిపించింది.

క్షేత్రం చూసి జ్వాలను ముందే చెప్పగలరా?

అవకాశం ఎంతో చెప్పగలరు, గడియ చెప్పలేరు. వ్యతిరేక ధ్రువతలు దగ్గరగా నొక్కుకుపోయి, మధ్యలో పొడవాటి, బలమైన తటస్థ రేఖ ఉంటే, రాబోయే 24 గంటల్లో పెద్ద జ్వాలకు అవకాశం ఎక్కువ. షార్ప్ ఫైళ్లలోనే ఆ రేఖ చుట్టూ ఉన్న క్షేత్రం మొత్తం, విద్యుత్ ప్రవాహం, మెలిక కొలతలు ముందుగానే లెక్కగట్టి ఉంటాయి. ముందస్తు అంచనా నమూనాలకు అవే ముడిసరుకు. ఇబ్బంది ఏమిటంటే, జ్వాలను రేపే పొర కరోనాలో ఉంది, మన దగ్గరున్న రోజువారీ మాగ్నెటోగ్రామ్ ఫొటోస్ఫియర్‌ది. హవాయిలోని నాలుగు మీటర్ల ఇనోయే టెలిస్కోపు, ఆదిత్యలోని వెల్క్ పరికరపు 1074.7 నానోమీటర్ల ఇనుము రేఖ కరోనా క్షేత్రాన్ని కొలవాలని రూపొందినవే. ఆ కొలతలు నిమిషాలకొకటి చొప్పున, క్రియాశీల ప్రాంతాల మీద, రోజూ అందేదాకా అంచనాలు శాతాల్లోనే ఉంటాయి.